రెండో కేబుల్

స్ప్లిట్, నవంబరు 21

ప్రియమైన దింకాకి,

మీ వెలి ష్కోయ్ ద్వీపం మొత్తానికి మూడు రోజులు నెట్‌వర్క్ ఎందుకు పోయిందో వివరించమని విచారణ సంఘం నాకు కాగితం పంపింది. సంఘంలో ముగ్గురు. ఒకాయన లాయరు, ఒకాయన నీళ్ల ఇంజనీరు, మూడో ఆయన అడవుల శాఖలో చేసి రిటైరయ్యాడు. అడవుల ఆయన ఫోన్ చేసి, "అయ్యా, అక్కడున్నది ఒక్క యంత్రమే అంటున్నారు, కాగితాల్లో నాలుగున్నాయి. మిగతా మూడూ ఎవరెత్తుకెళ్లారు?" అన్నాడు. నవ్వితే బాగుండదని దగ్గాను.

ఆయన కోసం రాసింది నీకూ చూపిస్తున్నాను. అర్థమయ్యేట్టు ఉందో లేదో చెప్పు.

"పురపాలక భవనం కింది గదిలో సర్వర్ ఒక్కటే ఉంది. అది ఇల్లు. అందులో నాలుగు కాపురాలు అద్దెకున్నాయి: ఆఫీసు రికార్డులు, ఆరోగ్య కేంద్రం, బడి, నీటి పంపులు. వీటినే వర్చువల్ మెషీన్లు అంటారు. ఎవరి వంట వారిదే, కానీ వీధిలోకి ఎవరికీ సొంత తలుపు లేదు. ఇంటికి ఉన్న తలుపులు రెండే, అవే నెట్‌వర్క్ అడాప్టర్లు. మొదటి దానిలోంచే నాలుగు కాపురాలూ రాకపోకలు సాగిస్తాయి. స్ప్లిట్ నుంచి నేను లోపలికి వెళ్లేదీ దానిలోంచే. రెండోది అవసరానికి ఉంచినది. రెండింటికీ కేబుళ్లు ఉన్నాయి."

ఇంతవరకే రాశాను. ఆ పైన ఏం జరిగిందన్నది, అక్కడ ఆ యంత్రాన్ని చూసుకునే నీ నివేదికలో ఉందట, "ఒక కేబుల్ ఊడి ఉంది, పెట్టాను, అన్నీ లేచాయి" అని. దానికి నేను చేర్చవలసింది లేదని జవాబిచ్చాను.

బేపో బాబాయ్ ఎలా ఉన్నాడు? ఆ గది తుడిచేది ఆయనే కదా అని లాయరు రెండుసార్లు అడిగాడు.

నీ యాకోవ్

*

వెలి ష్కోయ్, డిసెంబరు 3

ప్రియమైన యాకోవ్‌కి,

నీ ఇల్లూ కాపురాలూ బాగున్నాయి. అడవుల ఆయనకు అర్థమవుతుంది, లాయరుకు అర్థమైనా ఒప్పుకోడు.

ఇక్కడి సంగతులు. పై ఊళ్లో నలభై ఇళ్లకు రెండు రోజులు నీళ్లు లేకపోవడం ఇంకా ఎవరూ మరచిపోలేదు. పంపుల మెషీన్ కబురు పంపలేకపోయింది, ట్యాంకు ఖాళీ అవుతున్నట్టు ఎవరికీ తెలియలేదు. రొట్టెల దుకాణం మూతపడింది. దక్షిణపు గాలికి పడవలు ఆగి నేను మా అక్క ఊళ్లో ఇరుక్కుపోయాను, ఆ గది తాళంచెవి నా దగ్గరొకటి, బేపో బాబాయ్ దగ్గరొకటి. "దింకా వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అని నువ్వు మేయరుకు ఫోన్‌లో చెప్పావట. ఆ మాట విని బాబాయ్ మూడు రోజులు ఆ గది గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

ఇక్కడ ఎవరూ ఆయన పేరు ఎత్తలేదు. ఆయనే ఎత్తుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే దొంగ భుజాలు తడుముకోవాలి గానీ, మన బాబాయ్ తానే తడుముకున్నాడు. నేను కేబుల్ ఊడిందని చెప్పిన మర్నాడు నా బల్ల ముందుకొచ్చి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, పది దాటాక అందరూ మరెండా ఫలహారం తినటానికి రేవుకి పోయారు గదా. నేనప్పుడే తుడుస్తా, అడుగులు పడవని. ఆ రోజూ తుడిచా. తుడుపు కర్ర ఎక్కడైనా తగిలిందేమో."

"తగిలినట్టు గుర్తుందా?" అన్నాను.

"గుర్తు లేదమ్మా. కానీ గదిలో ఉన్నది నేనొక్కణ్ణే గదా. మరెవరు తీస్తారు, దెయ్యమా?"

కాఫీ ఇచ్చాను, తాగి వెళ్లాడు.

మిగతా సంగతులు తరువాత రాస్తాను. ఆలివ్‌లు ఈ ఏడు పుష్కలంగా కాశాయి, నూనె మాత్రం చేదు.

నీ దింకా

*

స్ప్లిట్, జనవరి 9

ప్రియమైన దింకాకి,

కొత్త సంవత్సరం మీకందరికీ మంచి చేయాలి.

సంఘం వాళ్లు ఇప్పుడు సర్వర్ తన లోపల రాసుకునే చిట్టా అడుగుతున్నారు. ఏ నిమిషంలో ఎవరు ఏం మార్చారో అది రాసుకుంటుంది. అది కొన్ని వారాలే నిలుస్తుంది, పాతది చెరిపేసి కొత్తది రాస్తుంది, నవంబరుది ఇప్పుడు దొరకదు అని చెప్పాను. అది నిజమే. కాపీ తీసి ఉంచారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

బేపో బాబాయ్ ఒప్పుకుంటే కేసు మూసేస్తారని లాయరు మాటల్లో తేలింది. నిర్లక్ష్యం అని రాసి ఉద్యోగం తీసేయకుండా, ఆయనే రాజీనామా చేసినట్టు చూస్తారట. దాన్ని వాళ్లు దయ అనుకుంటున్నారు. పూర్తి పింఛనుకు ఆయనకింకా ఎన్నాళ్లుంది?

ఒక్క మాట అడగాలి. ఆ రోజు ఊడిన కేబుల్ మొదటి అడాప్టర్‌దా, రెండో దానిదా? ఊరికే అడుగుతున్నాను.

నీ యాకోవ్

*

వెలి ష్కోయ్, జనవరి 20

ప్రియమైన యాకోవ్‌కి,

పద్నాలుగు నెలలు. నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అది.

బాబాయ్ ఇప్పుడు మరెండాకి రేవు దగ్గరికి రావడం మానేశాడు. పై ఊరి వాళ్లు కనబడితే ఈ వీధి నుంచి ఆ వీధికి మళ్లుతున్నాడు. మొన్న రొట్టెల కొట్టు ఆవిడ ఎదురుపడి, "ఏం బేపో, ఇవాళ నీళ్లొస్తాయా, బిందెలు నింపుకోమంటావా?" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, ఆ నవ్వు చూడలేకపోయాను.

నిన్న తన ఒప్పుకోలు కాగితం టైపు చేయమని నా దగ్గరికే వచ్చాడు. ఆయన చెప్పాడు, నేను కొట్టాను. ఫిబ్రవరి మూడున సంఘం గుమస్తా పడవలో వస్తాడు, అతని ముందు సంతకం. పదో తేదీన సంఘం కూర్చుని ఖాయం చేస్తుంది. ఆ తర్వాత మార్చడానికి ఉండదు.

ఒరేయ్ యాకోవ్, మనిద్దరం ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. లెక్కల్లో నీ తప్పు నాకు, నా తప్పు నీకు ముందే తెలిసేది. ఈ విషయంలో నువ్వు చెప్పాల్సింది ఏమైనా ఉంటే మూడో తేదీ లోపల చెప్పు.

నీ దింకా

*

స్ప్లిట్, జనవరి 27

ప్రియమైన దింకాకి,

ఉంది.

రాత్రింబవళ్లు ఆఫీసు రికార్డుల కాపీలు మొదటి అడాప్టర్‌ను ఆక్రమించుకుంటున్నాయని, ఆరోగ్య కేంద్రం తెరలు తెరుచుకోవడం లేదని నర్సు మూడు వారాలుగా మొత్తుకుంటోంది. రెండోది ఖాళీగా ఉంది గదా, నలుగురినీ దాని మీదికి మార్చి, మొదటి దాన్ని కాపీలకు వదిలేద్దామనుకున్నాను. నవంబరు ఎనిమిదిన మరెండా వేళ చూసి మార్చాను. అప్పుడు ఎవరూ పని చేయరు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అప్పుడు యంత్రం దగ్గర కూడా ఎవరూ ఉండరన్నది నాకు తట్టలేదు.

నాలుగు కాపురాలతో పాటు నేను లోపలికి వెళ్లే దారిని కూడా రెండో దాని మీదికే తోశాను. కూర్చున్న కొమ్మను నరకడం అంటే ఇదే. పది గంటల పది నిమిషాలకు ఒక్క నొక్కు నొక్కాను, తెర అలాగే నిలిచిపోయింది. ఇక ఇక్కడి నుంచి వెనక్కి తిప్పడానికి దారి లేదు.

దారి మార్చేటప్పుడు అవతల నువ్వు నిలబడి ఉండాలన్నది మనం పెట్టుకున్న నియమం. నీకు ఫోన్ చేయలేదు. అరగంట ఆగాల్సి వస్తుందని, అంతే. తర్వాత మేయరుకు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది కూడా, వేరే ఎవరైనా తెర ముందు కూర్చుంటే నేను చేసిన మార్పు కనబడుతుందనే.

రెండో అడాప్టర్ ఎందుకు పలకలేదో ఇప్పటికీ తెలియదు. ఏదో సెట్టింగు తప్పు పెట్టి ఉంటాను. నువ్వు కేబుల్ ఊడిందని రాసింది నన్ను కాపాడటానికే అని మొదటి రోజే అర్థమైంది. పాలు తాగే పిల్లిలా కళ్లు మూసుకుని ఉండిపోయాను. చిట్టా కాపీ నా దగ్గర ఉంది. మీ పురపాలక గుత్త పోతే నాకు మిగిలేవి రెండు చిన్న హోటళ్ల పనులే, అందుకని భయపడ్డాను. సిగ్గుగా ఉంది.

ఈ ఉత్తరం నీకు అందగానే బాబాయ్‌ని సంతకం పెట్టవద్దని చెప్పు.

నీ యాకోవ్

*

వెలి ష్కోయ్, ఫిబ్రవరి 6

ప్రియమైన యాకోవ్‌కి,

నీ ఉత్తరం నాలుగో తేదీ సాయంత్రం చేరింది. మళ్లీ దక్షిణపు గాలి. మూడో తేదీ మధ్యాహ్నం గాలి కాస్త తెరిపినిచ్చినప్పుడు గుమస్తా వచ్చాడు, టపా సంచి మాత్రం రాలేదు. బాబాయ్ సంతకం పెట్టాడు. ఆయన జేబులో కలం దొరక్కపోతే ఇచ్చింది నేనే.

నీ ఉత్తరం ఆలస్యమైందని నీ మీద అరుద్దామనుకున్నాను. అరిచే అర్హత నాకు లేదు. నీ దగ్గర ఫోన్ ఉండి ఉత్తరం రాశావు. నేను ఆయన ఎదురుగా కూర్చుని ఉండి, నువ్వేమైనా చెప్పాల్సింది ఉందా అని సముద్రానికి అవతలున్న నిన్ను అడిగాను.

రెండో అడాప్టర్ ఎందుకు పలకలేదో నాకు తెలుసు. దానికి కేబుల్ లేదు. నీ సెట్టింగులో తప్పేమీ లేదు. మేడ మీద చదువుకునే గదిలో ముసలాళ్లకు బోచె బంతాట పందేలు చూడటానికి తీగ చాలలేదని అక్టోబరులో గొడవ చేశారు. కింద ఒకటి ఊరికే వేలాడుతోంది, దాన్ని తీసి వాళ్లకిచ్చాను. పందేలు అయ్యాక తెచ్చి పెడదామనుకున్నాను, మరచిపోయాను. పదకొండున అక్క ఊరి నుంచి వచ్చి చూశాక, అన్నీ రెండో అడాప్టర్ వైపే తిరిగి ఉన్నాయని నాకు రెండు నిమిషాల్లో అర్థమైంది. మేడెక్కి కేబుల్ తెచ్చి పెట్టాను, అన్నీ లేచాయి. గుమ్మం బయట అంతమంది నిలబడి ఉన్నారు. "ఒక కేబుల్ ఊడి ఉంది" అన్నాను. అబద్ధం అంతకంటే ఏమీ ఆడలేదు. మిగతాది ఊరే చూసుకుంది.

నువ్వు దారి ఎందుకు మార్చావో, మార్చావన్న సంగతే నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. అయినా, నాలుగు కాపురాలూ ఉన్నట్టుండి లేని కేబుల్ వైపు ఎందుకు తిరిగాయన్న అనుమానం మాత్రం ఉండేది. అడిగితే నువ్వు నన్ను తిరిగి అడుగుతావు. అందుకే నేనూ నీలాగే మాట దాటేసి ఆలివ్‌ల గురించి రాశాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మనం మాత్రం మన పిడికిళ్లు రెండూ తీసుకెళ్లి ఆయన దోసిట్లో పోశాం.

నిన్న బాబాయ్ ఇంటికి వెళ్లాను. వల బాగుచేసుకుంటున్నాడు. నిలబడే చెప్పాను, కేబుల్ తీసింది నేనని, అక్టోబరులోనే తీశానని, ఆయన కర్ర దేనికీ తగల్లేదని. చేతిలో పని ఆపకుండానే అన్నాడు:

"అయితే నేను కాదన్నమాట."

"కాదు బాబాయ్."

"మూడు నెల్లు నేను రోజూ గుర్తు చేసుకున్నా దింకా. కర్ర ఇటు పట్టానా, అటు పట్టానా అని. ఇంట్లో కూడా తుడిచి చూశా. చివరికి తగిలినట్టే గుర్తొచ్చేసింది." సూది పక్కన పెట్టాడు. "రోజూ ఎదురుపడ్డావు గదమ్మా. ఒక్కరోజు చెప్పాల్సింది."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

మళ్లీ సూది అందుకుని ఇంకో మాట అడిగాడు. "నువ్వు అక్టోబరులో తీస్తే, సరిగ్గా నేను తుడిచే నిమిషానికే ఎందుకు ఆగింది? నాకది చెప్పు." నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. చదివి వినిపించవచ్చు. వినిపించలేదు. "అది యాకోవ్‌కి తెలుసు బాబాయ్, అతన్నే అడుగు" అన్నాను.

నా వాంగ్మూలం దీనితో జతచేశాను, మేయరుకు ఒకటి ఇచ్చేశాను. నా ఉద్యోగం సంగతి వాళ్లు చూసుకుంటారు. పదో తేదీ లోపల నీది కూడా చిట్టా కాపీతో సంఘానికి చేరాలి. నాదొక్కటే వెళితే, ఆ నిమిషం ఏమైందన్న ప్రశ్న మిగిలిపోతుంది, లాయరు మళ్లీ ఆ తుడుపు కర్ర దగ్గరికే వస్తాడు.

ఈ ఉత్తరం టపాలో వేయలేదు. పొద్దుటి పడవలో నీ దగ్గరికి వస్తున్న బాబాయ్ చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు, కానీ ఆయన తెరిచి చూసే మనిషి కాదు. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ ఆయన నీ గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాడు, నువ్వు తల ఎత్తగానే ఆ ప్రశ్న అడుగుతాడు. ఇళ్లూ తలుపులూ కాపురాలూ అని మొదలుపెట్టకు. నేనే చేశాను బాబాయ్ అను. ముందు లోపలికి పిలిచి కూర్చోబెట్టు.

దింకా