ఎడం భుజం అరంగుళం

అన్నయ్యా, ఇక్కడ అందరం కులాసా. ఈసారి ఆ మాట మొహమాటానికి రాయడం లేదు.

నాన్న కొట్లో కుట్టుమిషను ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోవడం, తిన్నదీ లేనిదీ మర్చిపోవడం ముసలితనమే అనుకున్నాం కదా. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో బీ12 అడుగంటిపోయిందంది. ఇప్పటికి ఆరు ఇంజెక్షన్లు పడ్డాయి. మొన్న నేను నీ చొక్కా గుడ్డ మీద గీతలు గీస్తుంటే వెనకనుంచి వచ్చి "ఎవరికే?" అన్నాడు. "అన్నయ్యకి" అన్నాను. నా చేతిలో సుద్ద లాక్కుని, "పెద్దాడికి ఎడం భుజం అరంగుళం దిగి ఉంటుంది. రెండూ సమంగా గీశావేంటి? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని కసిరాడు. ఎనిమిది నెలలకి తిట్టాడు అన్నయ్యా! చిటికెనవేలంత సీసాలో ఎర్రటి నీళ్ళు, వాటితో మనిషి లేచొచ్చాడు. ఆయన దించి గీసిన గీత మీదే కత్తెర వేశాను.

నువ్వు ఆ జ్ఞాపకశక్తి బిళ్ళలు ఇక పంపకు. నాన్నకి కావలసింది అవి కావు. ఒంట్లో బీ12 లోటు ఉంటేనే ఈ ఇంజెక్షన్లు పనిచేస్తాయట, అందరికీ ఇలా జరగదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వదినకి అరికాళ్ళ తిమ్మిర్లు తగ్గాయా? అవీ బీ12 లోటు వల్ల రావచ్చట, తనకీ ఆ రక్తం పరీక్ష చేయించు, బద్ధకించకు. నీ చొక్కాకి పోగా గళ్ళ గుడ్డ మిగిలింది, చిన్నదానికి గౌను కుడతాను, కొలతలు రాయి. పిల్లలకి ముద్దులు.

చొక్కా పార్సెల్ వేస్తున్నాను. భుజం నాన్న గీసిందే. నీ పేరు మాత్రం ఇంకా నోటికి రాలేదు, "వాడి పేరేంటమ్మా?" అని నన్నే అడిగాడు. నేను చెప్పలేదు. ఆ చొక్కా తొడుక్కుని నువ్వే వచ్చి చెప్పు.

నీ చెల్లి