నాయన తెచ్చుకున్న రొట్టెలు

బొంబాయి, 12-2-86

షంషాదక్కకు సుభాని రాసేది. కంగారు పడకు, నాయన కళ్ళకు ఆపరేషన్ అక్కర్లేదట, చుక్కల మందు చాలట. నిన్న రైలెక్కించాను. డాక్టరు ఫీజు కూడా తనే ఇచ్చుకున్నాడు.

ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. నువ్వు దారికని కట్టిచ్చిన జొన్నరొట్టెలే, ఎండి అట్టలైపోయినా నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాడు. నేను ఢిల్లీలో సర్కారు కొలువులో ఉన్నప్పుడు వచ్చి, అడిగి మరీ వడ్డించుకున్న మనిషి! రిజర్వు బ్యాంకుకు మారాకే ఇదంతా. ఈ నెల నన్ను సలహాదారుణ్ణి చేశారని చెబితే మొహం తిప్పుకున్నాడు. రైలు కదిలేముందు మాత్రం, "నువ్వు చెడ్డోడివని గాదురా. వడ్డీ హరాముగదా. నువ్వేమో దేశానికంతా వడ్డీ ఎంతో చెప్పే కొలువు చేస్తన్నావు. ఆ కూడు నాకు గొంతు దిగదు, ఏం చేసేది?" అన్నాడు. మంత్రులకు జవాబులు రాసిచ్చేవాణ్ణి, నాయన సంచి సీటు కిందికి సర్ది రైలు దిగాను.

బావ పరుపుల కొట్టు ఎలా నడుస్తోంది? ఇంటి కప్పు బాగుచేయించారా? నాయన చేత ఇక దూది ఏకించొద్దు, ఆ దుమ్ము కళ్ళకు పడదన్నాడు డాక్టరు. చుక్కలు నువ్వే వెయ్యి.

ఈ కార్డు ఆయనకు చదివి వినిపించొద్దు. ఆయన జుబ్బా ఉతికేటప్పుడు జేబులో బిస్కెట్టు పొడి ఉంటుంది. మా పాప ఇస్తే కాదనలేక తీసుకున్నాడు, అది అటు తిరగ్గానే జేబులో వేసుకున్నాడు. నేను చూసినట్టు ఆయనకు తెలియదు. ఏమీ అడక్కుండా దులిపెయ్యి.

బావకు సలాం, పిల్లలకు దీవెనలు.

సుభాని