శుక్రవారపు గది, మొగులమ్మ తాళంచెవి

యునీకే, పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తూ నువ్వన్న మాటను ముందు సరిదిద్ది, ఆస్తి సంగతి తర్వాత రాస్తాను. "నాయనమ్మా, వాళ్లు నిన్ను తీసెయ్యలే. జెర ఆరాం తీస్కోమన్నరు, గంతే" అన్నావు. ఆరాం అడిగినవాళ్లకు ఇచ్చేది. నేను అడగలేదు. పదిహేనేళ్లు నేను నడిపిన స్త్రీల తరగతి నుంచి నన్ను తీసేశారు. చేతులు జోడించి, కన్నీళ్లు పెట్టుకుని, ప్రార్థన చేసి మరీ తీసేశారు. ఈ కాగితం సంగారెడ్డి రిజిస్ట్రారు ఆఫీసుకు పోయేది గనుక ఇందులో సరైన మాటే ఉండాలి.

కీర్తిశేషుడు గుండ్ల సమూయేలు భార్యను, మిషను ఆడపిల్లల బడిలో ముప్ఫయి నాలుగేళ్లు పాఠాలు చెప్పి విరమించినదానను, పటాన్‌చెరు నివాసిని, డెబ్బై ఒక్క ఏళ్ల వయసుగల గుండ్ల తబితమ్మ అనే నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, స్వస్థబుద్ధితో, నా స్వదస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి సంగతి నా మాట మీద నమ్మనక్కరలేదు. ఈరోజు ఏ వారమో చెప్పమని డాక్టరు అడిగితే బుధవారమని చెప్పాను. ఆయన గోడ మీది కేలెండరు ఇంకా పోయిన నెలలోనే ఉందనీ చెప్పాను. ఆయన లేచి కాగితం చింపి, నాకు సర్టిఫికెట్టు రాసిచ్చాడు. దాన్ని దీనితో జత చేశాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా కొడుకు ప్రకాశం కూతురైన యునీకేది. ఆఫీసులో టైపు కొట్టిస్తానన్నావు. వద్దు. మీ కార్ఖానా ఆఫీసులో ఒకరు టైపు కొట్టింది నలుగురు చదువుతారు. నన్ను చదివినవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు.

1. తూర్పున మహబూబ్ దర్జీ ఇల్లు, పడమర సందు, ఉత్తరాన చింతపండు గోదాము, దక్షిణాన బజారు హద్దులుగా గల నా స్వార్జితమైన పెంకుటింటిలో వెనకగది, వంటిల్లు, పెరడు నా తదనంతరం సర్వహక్కులతో యునీకేకు చెందుతాయి. పెళ్లి చేసుకున్నా సరే, మానుకున్నా సరే. చూడవచ్చినవాళ్లకు మాత్రం ఈ ఇల్లు నీ పేరున ఉందన్న మాట అన్నిటికన్నా చివర చెప్పు.

2. నా కుట్టుమిషను మహబూబ్ భార్య జులేఖాకు. వాళ్లింట్లో ఒక మిషను ఉంది, అది ఆయనది. ఇది ఆమెది. ఆయన దీని మీద లాగులు కుట్టరాదు. మొన్న వేసవిలో నేను మూడు రోజులు తలుపు వేసుకుని ఉన్నప్పుడు మన సంఘం నుంచి ఒక్కరూ రాలేదు. "టీచరమ్మ ఏకాంత ప్రార్థనలో ఉంది" అనుకున్నారట. జులేఖా కిటికీలో నుంచి ఖిచిడీ గిన్నె లోపల పెట్టి, "టీచరమ్మా, నువ్వు తినకుంటె మీ దేవుడు గూడ నన్నే అడుగుతడు, పక్కింట్ల ఉండి ఏం చేసినవని. నన్నెందుకు పరేషాన్ చేస్తవ్?" అంది. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

3. కుట్టుమిషను సొరుగులోని కొలత టేపు మాత్రం జులేఖాకు కాదు. దాన్ని స్త్రీల సమాజం కార్యదర్శి దెబోరమ్మకు ఇస్తున్నాను. జూన్‌లో నన్ను పరామర్శించడానికి వచ్చి, నా టేపే అడిగి తీసుకుని, నా ముందుగది కొలిచింది. "అల్మరా పడుతదా లేదా అని చూస్తున్న టీచరమ్మా, సంఘానికి ముందుచూపు ఉండాలె గద" అంది. నేనింకా మంచం మీద కూర్చునే ఉన్నాను. ఇక ముందు ఎవరి గది కొలవాలన్నా ఆమె అరువు అడగనక్కరలేదు.

4. ముందుగది సంఘానికి ఇవ్వడం లేదు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, రేపు కమిటీ వాళ్లు వచ్చి ముసలిదానికి మతి చెడిందని అనకుండా.

ఆ గదిలో ప్రతి శుక్రవారం ఆడవాళ్లకు అక్షరాలు నేర్పి, పరిశుద్ధ గ్రంథం చదివించాను. ఈస్టరు పండుగకు ముందు వచ్చే శ్రమకాలంలో మొదటి శుక్రవారం ప్రార్థన చీటీలు రాయించేదాన్ని. ఎవరికీ చెప్పుకోలేని బాధ ఏదో ప్రతి ఒక్కతీ కాగితం మీద రాసి, కింద పేరు పెట్టి, బుట్టలో వేయాలి. చదువురానివాళ్లు నా చెవిలో చెబితే నేను రాసేదాన్ని. తర్వాత తలా ఒక చీటీ తీసుకుని, ఆ మనిషి కోసం నలభై రోజులు మోకాళ్లూనాలి. పండుగ ఉదయం చీటీలన్నీ పొయ్యిలో వేయాలి. చదివిన సంగతి నోట రాకూడదు. ఇది నేను పెట్టిన నియమం. పదిహేనేళ్లలో ఒక్క మాటా బయటికి పోలేదు. ఎవరి మొగుడు ఎవరిని కొట్టాడో, ఎవరు ఏ నెలలో ఎందుకు ఏడ్చారో, అంతా ఆ పొయ్యిలోనే బూడిదైంది.

ఈ ఏడు నేనూ ఒక చీటీ రాశాను. కామెర్లతో ప్రకాశం పోయిన నాటి నుంచి, అంటే రెండేళ్లుగా, నాకు ప్రార్థన రావడం లేదని రాశాను. మోకాళ్లూనుతాను, పెదవులు ఆడతాయి, లోపల ఏమీ ఉండదు. ఇది నీకు కూడా చెప్పలేదు యునీకే. నువ్వు అప్పుడే తండ్రిని పోగొట్టుకున్నావు.

ఆ చీటీ ఆగమ్మ చేతికి వచ్చింది. బాప్తిస్మంలో ప్రిస్కిల్ల అని పేరు పెట్టారు గాని, అందరికీ ఆమె ఆగమ్మే. అరవై మూడులో బొంబాయి రోడ్డు పక్కన పెద్ద కార్ఖానా కడుతుంటే మట్టి మోయడానికి వచ్చింది. తలమీద గంప దింపి, ఆ మట్టి చేతులతోనే నా పలక పట్టుకుంది. నాలుగేళ్లకు ఆదివారం పాఠం గడగడ చదివింది. నేను కన్న బిడ్డ ఒక్కడే. పెంచినవాళ్లలో ఆగమ్మంత దగ్గర ఎవరూ లేరు.

ఏప్రిల్ నెల స్త్రీల కూటంలో ఆగమ్మ లేచి నిలబడి, "అక్కలార, చెల్లెండ్లార, మన టీచరమ్మ కోసం జెర భారంగ ప్రార్థన చెయ్యాలె. రెండేండ్ల సంది ఆమెకు ప్రార్థన వస్తలేదంట. లోపల ఏం లేదంట. చీటీల రాసింది" అని చెప్పి భోరున ఏడ్చింది. నేను మూడో వరసలో ఉన్నాను. నలభై మంది నా వైపు తిరిగి, కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు నా ఖాళీతనం గురించి దేవునికి వివరంగా తెలియజేశారు. ఆయనకు ఇదివరకే తెలుసునని ఎవరికీ తోచలేదు.

తర్వాతి ఆదివారం కమిటీ కూర్చుంది. ప్రార్థన రాని మనిషి ఇతరులను ఎట్లా నడిపిస్తుందని దెబోరమ్మ అడిగింది. తరగతిని, దాని గంటను, కమిటీలో ఒక కుర్చీని ఆగమ్మకు ఇచ్చి, తరగతిని చర్చి వరండాలోకి మార్చారు. ఆగమ్మ కాదనవచ్చు, అనలేదు. "దేవుని చిత్తమైతె కాదనెటందుకు నేనెంతదాన్ని?" అందట. ఆ చిత్తం ఒక కుర్చీతోనూ గంటతోనూ వచ్చింది. రెండూ తీసుకుంది.

వాళ్లు చూసిన సాక్ష్యం ఆ చీటీ ఒక్కటే. చెప్పింది ఆగమ్మ, కుర్చీ దొరికింది ఆగమ్మకు. వీలునామాలో లాభం పొందే ఇంటివాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకు రాసింది చెల్లదని వకీలు చెప్పాడు. అందుకే మహబూబ్ చేత సంతకం పెట్టించలేదు. కోర్టుకు ఉన్న ఈ నియమం మన కమిటీకి లేదు.

5. ఆగమ్మ నాకు కీడు తలపెట్టిందని రాయలేను. నిజంగానే ఏడ్చింది. మొదట్లో స్తంభం వెనక దాక్కునే మనిషిని పట్టుకుని, "ఎవరి బాధ తెలిసినా గుండెల్లో దాచకు, లేచి గట్టిగా ప్రార్థించు" అని నేర్పింది నేనే. చీటీ సంగతి దాచాలని నియమంగా చెప్పాను గాని, బయటపడితే మనిషికి ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు. ఆ పాఠం నేనూ ఈ ఏప్రిల్‌లోనే నేర్చుకున్నాను.

అయినా క్షమించానని రాయను. రాస్తే అబద్ధం. సంతకం పెట్టే కాగితంలో అబద్ధం ఉండకూడదు.

కాని వరండాకు పోయిన తరగతిలో ఇప్పుడు పాటలు, రిపోర్టు, చాయ్. చదువు ఆగిపోయింది. ఒత్తుల దాకా వచ్చిన బీరమ్మ, ఇటుకబట్టీ మేస్త్రీ కాగితం పెడితే మళ్లీ బొటనవేలు ముందుకు చాపిందని విన్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇట్లాంటివాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లకు చదువు చెప్పగలిగిన మనిషి, నన్ను తీసేస్తే, ఈ ఊళ్లో ఒక్కతే ఉంది. ఎవరో నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేది.

కనుక ముందుగది, నల్లబల్ల, పలకలు, నా పెద్దక్షరాల గ్రంథం శుక్రవారపు చదువు కోసం ఆగమ్మ స్వాధీనంలో ఉండాలి. షరతులు: కమిటీ కుర్చీ వదులుకోవాలి. కుర్చీ, గది రెండూ ఉండవు. చదువు చెప్పాలి. చీటీలు రాయించకూడదు. ఎవరి కోసమైనా గట్టిగా ప్రార్థించాలనిపిస్తే ముందు ఆ మనిషిని అడగాలి.

6. ఆ గది తాళంచెవి బీరంగూడ మొగులమ్మ దగ్గర ఉండాలి. ఆగమ్మకు ఇవ్వరాదు, మారు తాళంచెవి చేయించరాదు.

మొగులమ్మ పదకొండేళ్లు నా తరగతికి వచ్చి ఒక్క అక్షరం నేర్చుకోలేదు. "టీచరమ్మా, అక్షరం నా నెత్తికెక్కది. నీ పక్కకు కూసునుడు ఎక్కింది" అనేది. ప్రతి ఏడూ తన వంతు చీటీ తీసుకుని, ఏముందో తెలియకుండానే పిడికిట్లో పట్టుకుని, నలభై రోజులూ ప్రార్థించేది. నా చీటీ ఆ పిడికిట్లో పడి ఉంటే ఈ కాగితం ఇంత పొడుగు ఉండేది కాదు. నేను చదువు నేర్పిన చేతిలో పడింది.

ఏప్రిల్ తర్వాత మొగులమ్మ ఆగమ్మతో మాట మానేసింది. మానేసే ముందు చర్చి నల్లా దగ్గర బిందె పక్కన పెట్టి, "ఏమే ఆగమ్మా, నీకు చదువు నేర్పింది గిందుకేనా? గామె ముచ్చట గంపల పెట్టుకోని అమ్మితివి" అని అడిగిందట. "నేను ప్రార్థన చెయ్యమన్న, గంతే గదక్కా" అని ఆగమ్మ. "నీ ప్రార్థనకో దండం తల్లీ, నా పేరు మాత్రం ఎత్తకు" అని మొగులమ్మ.

ఇక ప్రతి శుక్రవారం ఆగమ్మ బీరంగూడ వైపు నడిచిపోయి, మొగులమ్మను తాళం తియ్యమని అడగాలి. మొగులమ్మ వచ్చి తీసి, చదువు అయిందాకా లోపలే కూర్చోవాలి. ఒకరు లేకుండా ఒకరికి తలుపు తెరుచుకోదు. ఒకరినొకరు ప్రేమించండని ఆ గదిలో పదిహేనేళ్లు చెప్పాను. చెబితే వినలేదు, ఇట్లా రాసి పెడుతున్నాను.

7. నేను పోయాక నెలలోపు ఆగమ్మ కుర్చీ వదలకపోతే ముందుగది కూడా యునీకేకే. కిరాయికి ఇచ్చుకో. ఆమె గురించి నేను అనుకున్నదంతా అప్పుడు నిజమైనట్టు. నిజం కాకూడదనే నా కోరిక.

8. సమాధి దగ్గర నా ఆత్మ స్థితి గురించి ఎవరూ ప్రార్థించరాదు. కీర్తన ఒకటి పాడి, మట్టి వేసి, పొమ్మను. ఆ చీటీలో రాసింది ఇప్పటికీ నిజమే. అయినా రోజూ మోకాళ్లూనుతున్నాను. ఇది రాయడం ఎవరి ఓదార్పు కోసమూ కాదు, మానేశానని ఎవరూ అనుకోకూడదని.

చివరగా ఒక పని, యునీకే. ఇది నేను పోయాక చేసేది కాదు, ఈ శనివారమే చేయాలి. ఆగమ్మ పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతోంది. మొన్న ఆదివారం పాఠంలో రెండు వరసలు దాటవేసింది. ఎవరూ గమనించలేదు, నేను గమనించాను. ఆమెను సంగారెడ్డి బస్సెక్కించి, బస్టాండు ఎదుటి కళ్లద్దాల దుకాణానికి తీసుకుపో. దగ్గరి చూపు పరీక్ష చేయించు. ఫ్రేము గట్టిది చూడు, ఆమెకు వస్తువులు కింద పడేసే అలవాటుంది. పంపింది నేనని చెప్పకు. చెబితే కూటంలో లేచి సాక్ష్యం చెబుతుంది.

పటాన్‌చెరు, 19 సెప్టెంబరు 1973, బుధవారం.

(సం.) గుండ్ల తబితమ్మ

ఆమె మా ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుట మేము సంతకం చేసిన సాక్షులము:
1. భీమశంకరం, కార్ఖానా స్టోర్సు గుమాస్తా, ఎదురింటి కిరాయిదారు
2. గౌస్, సైకిలు షాపు, పటాన్‌చెరు బజారు