గాజు మూత పెట్టింది నేనే

చెన్నైలో పేటెంటు దరఖాస్తులను పరీక్షించు అధికారి గారి సముఖమునకు,
హనుమాన్ జంక్షన్‌లో సెల్‌ఫోన్లు బాగుచేయు జోయెల్ గారి భార్య డయానా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మనుషులు ఒంటిమీద ఉంచుకొను చిన్న వైర్‌లెస్ పరికరములు తమవారిని తామే గుర్తించు పద్ధతికై నా భర్త పెట్టుకొన్న దరఖాస్తు – విచారణ రోజున ప్రయోగము విఫలమగుటకు అసలు కారణము తెలుపుకొనుట గురించి.

ముందుగా నా అక్షరదోషాలనూ చేతిరాతనూ మన్నించమని వేడుకొంటున్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత రాసినవి సరుకుల చీటీలు, డ్వాక్రా పుస్తకంలో సంతకాలు. అర్జీ ఎలా ఉండాలో తెలియక మా అత్తగారి పింఛను అర్జీ నకలు ముందు పెట్టుకుని, అందులో లాగే నంబర్లు వేసి రాస్తున్నాను. పంక్తులు వంకరగా పోతున్నాయి. రూళ్ల కాగితం దొరకలేదు.

తమకు తెలుగు వచ్చని నాకు తెలుసు. విచారణ రోజు కంప్యూటరులో మా ఆయనతో అంతా ఇంగ్లీషులోనే మాట్లాడి, ఆఖరున "కంగారు పడకండి, పదిహేను రోజుల్లో రాసి పంపండి" అని తెలుగులో అన్నారు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని రాస్తున్నాను. ఈ రోజుకు పదకొండు రోజులు గడిచాయి. ఆయన ఒక్క అక్షరం కూడా రాయలేదు.

1. పరికరము యొక్క అవసరము గురించి. ఈ పద్ధతి ఏ ఇబ్బందిని తీర్చుటకో స్పష్టముగా లేదని తమరు పంపిన నివేదికలో మొదటి అభ్యంతరంగా ఉన్నది. ఆ ఇబ్బంది నేనేనని మనవి.

మా పెళ్లయిన ఏడాది ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకు వెళ్లాము. మెట్ల దగ్గర జనం తోసుకొస్తుంటే నా చెయ్యి విడిపోయింది. అంత జనంలో ఎవరి ఫోనూ కలవదు. నాకు అప్పటికి ఫోనే లేదు. కాసేపటికి మైకులో నా పేరు పిలవడం మొదలుపెట్టారు. "హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన డయానా, ఆకుపచ్చ చీర, ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలమ్మా, మీ అత్తగారు ఏడుస్తున్నారు" అని పదకొండు సార్లు చెప్పారు. నేను లెక్కపెట్టాను. నా పేరు ఎవరైనా గట్టిగా పలికితేనే నేను తలుపు చాటుకు పోతాను. అందరూ చూస్తుండగా మైకు దగ్గరికి నడవలేక, తలనీలాలు తీసే పాక వెనక కూర్చున్నాను. సాయంత్రానికి ఆయనే వెతుక్కుంటూ వచ్చారు.

"మైకు వినపడలేదా?"

"వినపడింది."

"మరి రాలేదేం?"

"అందరూ చూస్తారుగా."

ఆయన తిట్టలేదు. జంక్షన్‌లో దిగాక, "పేరు పిలవకుండా మనిషిని వెతకడం ఎట్లా?" అన్నారు. నాతో కాదు, తనలో తానే అనుకున్నారు. దరఖాస్తు అక్కడ మొదలైంది.

2. పరికరము యొక్క పనితీరు గురించి. పాడైన బ్లూటూత్ చెవి ఫోన్లలోని ముక్కలతో ఆయన గుండీ కన్నా కాస్త పెద్ద బిళ్లలు చేశారు. మనవాళ్లు దగ్గరలో ఉంటే బిళ్ల మెల్లగా అదురుతుంది. దూరంగా ఉంటే, మధ్యలో ఉన్న మనవాళ్ల బిళ్ల కబురు అందుకుని ముందుకు పంపుతుంది. టవరు అక్కరలేదు, పేరూ నంబరూ అక్కరలేదు. అయితే మనవాళ్లు ఎవరో బిళ్లకు తెలిసేది ఎలా? తనకు వినపడుతున్నవాళ్లను చుట్టాలుగా చేర్చుకుని, కొంతసేపు వినపడనివాళ్లను వదిలేసేటట్టు పెట్టారు. మీట నొక్కితే అప్పటికి మిగిలిన చుట్టాలే ఖాయం. కానీ షాపులో ఉంచితే బాగుచేయడానికి వచ్చిన ఫోన్లన్నీ చుట్టాలే. ఇంట్లో ఉంచితే పక్కింటి టీవీ కూడా చుట్టమే. మా అత్తగారు అమలమ్మ గారు చూసి, "ఒరే జోయెలూ, నీ బిళ్ల నీకంటే కలుపుగోలుదిరా. వచ్చే తిరునాళ్లకి ఊరంతా మనింటికే వస్తుంది, బియ్యం పోయించి ఉంచు" అని నవ్వేవారు. ఎనిమిది నెలలు అదే తంటా.

3. మూసిన లోహపు పెట్టె గురించి. ఈ అంశాన్ని తమరు జాగ్రత్తగా చదవవలెను. ఒక శనివారం నేను పోపుల డబ్బా కడిగి ఎండబెట్టాను. ఆదివారం పొద్దున చర్చిలో పెద్దపూజకు వేళవుతుంటే బిళ్లలు చాపమీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇల్లు ఊడవాలి. ఏడు బిళ్లలు, డబ్బాలో ఏడు చిన్న గిన్నెలు. గిన్నెకు ఒకటి చొప్పున వేసి, స్టీలు మూత గట్టిగా నొక్కి గుడికి వెళ్లిపోయాను. గుడి నుంచి వచ్చాక ఆయన చాప ఎత్తి దులుపుతున్నారు.

"బిళ్లలేవి?"

"డబ్బాలో పెట్టాను."

"ఏ డబ్బా?"

"పోపుల డబ్బా."

"నీకు దణ్ణం పెడతాను, కారం అంటుకుంటే ఇక పనికిరావు" అంటూ మూత తీసి, మీటలు నొక్కి, తన పరీక్ష యంత్రం పెట్టి చూశారు. వంటగది నేలమీదే కూర్చుండిపోయారు. "ఏడున్నాయి" అన్నారు. మళ్లీ లెక్కపెట్టి, "ఏడే ఉన్నాయి" అన్నారు. స్టీలు మూత పెడితే బయటి మాట లోపలికి రాదని, లోపలి మాట బయటికి పోదని అప్పుడు చెప్పారు. బయటివాళ్లందరినీ మరిచిపోయి ఏడింటికీ ఏడే మిగిలాయి. ఆ సంగతి నాకు తెలిసి చేసింది కాదు. నేను ఇల్లు సర్దాను.

4. రెండు గంటల కాలము గురించి. పరికరములను పెట్టెలో రెండు గంటలు ఉంచవలెనని దరఖాస్తులో ఉన్నది. రెండు గంటలే ఎందుకో వివరించలేదని తమ నివేదికలో ఉన్నది. కారణం ఏమనగా, ఆ రోజు ఫాదరు గారి ప్రసంగం పొడుగైంది. తర్వాత ఆయన తగ్గించి చూశారు, ఇరవై నిమిషాలు చాలు. కానీ మొదటిసారి పనిచేసింది రెండు గంటలకు కదా అని, ఆ అంకె మార్చడానికి ఆయనకు మనసొప్పలేదు. దీనిని సైన్సుగా పరిగణించవచ్చునో లేదో నాకు తెలియదు.

5. కనిపెట్టినవారి పేరు గురించి. దరఖాస్తు ఇంగ్లీషులో రాసిపెట్టింది కాలేజీ లెక్చరరు హర్షవర్ధన్ గారు. మా ఇంటికి వచ్చి, "పెట్టెలో పెట్టాలన్న ఆలోచన ఎవరిది? వాళ్ల పేరు కూడా రాయాలండీ" అన్నారు. మా ఆయన నా వైపు చెయ్యి చూపించారు. నేను వంటగదిలోకి వెళ్లిపోయి, తలుపు చాటు నుంచి, "పేరు రాస్తే ఎవరికైనా కనపడుతుందా అండీ?" అని అడిగాను.

"ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చమ్మా!" అన్నారాయన సంతోషంగా.

ఆయన టీ తాగి వెళ్లాక నేను ఏడ్చాను. నా పేరు ఎక్కడా రానివ్వనని మా ఆయనతో బైబిలు మీద చెయ్యి వేయించుకున్నాను. ఆయన మర్నాడు హర్షవర్ధన్ గారితో "అంతా నాదేనండీ" అని చెప్పి, తాను ఒక్కరే కనిపెట్టినట్లు సంతకం చేశారు. ఆ తప్పుడు మాట ఆయన చేత రాయించింది నేను.

6. విచారణ రోజు గురించి. మా ఇంట్లో నెట్టు ఆగి ఆగి వస్తుందని హర్షవర్ధన్ గారి కాలేజీ గదిలో కంప్యూటరు పెట్టారు. తమకు చేసి చూపించుటకు అనుమతి ఇచ్చారు. "డబ్బా సంచిలో పెట్టు" అని ఆయన నాకు చెప్పి షాపుకు వెళ్లారు.

ఆ డబ్బా మా అమ్మ నా పెళ్లికి ఇచ్చింది. మాది కూచిపూడి దగ్గర పల్లె. అమ్మ బెజవాడ వెళ్లి కొని, కొట్లోనే మూత మీద చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించింది. కొట్టువాళ్లు ఆ మూత నిండా పరిచినట్టు పెద్దగా చెక్కారు. డబ్బాకు ఒక పక్క సొట్ట. లోపల పసుపు మరక ఎంత తోమినా పోదు. అంత పెద్ద అధికారికి మరకల డబ్బా చూపించడమా అని నాకు సిగ్గు వేసింది. మరక సంగతి పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం మూత మీది పేరు. అందుకని ముందురోజే బజారుకు వెళ్లి కొత్త డబ్బా కొన్నాను. డబ్బా స్టీలుదే. మూత మాత్రం గాజుది. మూత తీయకుండానే పసుపేదో జీలకర్రేదో కనపడుతుందని ఈ మధ్య అందరూ అదే కొంటున్నారు. అయ్యగారికి కూడా తీయకుండానే కనపడుతుంది కదా అనుకున్నాను.

ఆయన సంచి విప్పింది తమరి ఎదుటే. గాజు మూత చూశారు. తలుపు దగ్గరున్న నన్ను చూశారు. నాకు అర్థం కాలేదు, ఆయనకు అప్పుడే అర్థమైంది. అయినా బిళ్లలు గిన్నెల్లో పెట్టి, ఆ మూతే పెట్టారు. ఇరవై నిమిషాలు తమరు ఓపికగా చూశారు. ఆ తర్వాత మీట నొక్కితే, వరండాలో ఎవరో అమ్మాయి చెవి ఫోను కుయ్యిమంది. అక్కడివాళ్లంతా నవ్వారు. చెప్పిన ఫలితము కనపడలేదని తమరు రాసుకున్నారు. తమరు చూసింది రాసుకున్నారు, అందులో తమ తప్పు ఏమీ లేదు. గాజులోంచి బయటి మాటంతా లోపలికి వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన్ను అడిగితే గాజు సంగతి చెప్పారు.

"మరి అక్కడే చెప్పలేదేం?"

"ఏమని?"

"డబ్బా ఇది కాదని."

"కాకపోతే ఏదీ, అది తెప్పించి చూపించు అంటారు. దాని మూత మీద ఏముంది?"

నేను సంచి మూతి ముడి వేశాను.

"మాటిచ్చాగా" అన్నారు.

7. ఏడో అంశం రాసి కొట్టేశాను. అది మా ఇద్దరిదీ.

8. ప్రస్తుత పరిస్థితి గురించి. ఆయన షాపుకు వెళ్తున్నారు, వస్తున్నారు, పెట్టింది తింటున్నారు. బిళ్లలు గుడ్డలో కట్టి అటక మీద పడేశారు. జవాబు సంగతి హర్షవర్ధన్ గారు ఫోనులో అడిగితే "చూద్దాం సార్" అంటున్నారు. మొన్న మా అత్తగారు, "పోనీలేరా, బిళ్ల లేకుండానే నాకు అరవై ఏళ్లు వచ్చాయి. తప్పిపోతే మైకులో పిలిపిద్దువులే" అని ఓదార్చబోయారు. ఆయన ఎదురు మాట అనలేదు. "అవునమ్మా" అన్నారు. నాలుగేళ్లుగా ఆ మాటకు కాదని వాదించిన మనిషి. ఆ "అవునమ్మా" వినలేక ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

కావున తమరు దయయుంచి,

అ) మమ్మల్ని మరొకసారి విచారణకు పిలిపించి, "ఇంట్లో వాడే పాత డబ్బా తెండి" అని తమ నోటితో అడగవలెను. తమరు అడిగితే తెచ్చినందుకు ఆయన మాట తప్పినట్టు కాదు.

ఆ) తాను ఒక్కరే కనిపెట్టినట్లు సంతకం చేసినందుకు ఆయన మీద చర్య తీసుకోవద్దని ప్రార్థన. ఆ తప్పు నాది. ఆయన నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

ఇ) రెండో పేరు చేర్చకుండా ఈ దరఖాస్తు నిలవదన్నచో, నా పేరు చేర్చవలెను. దానికి వేరే ఫారం ఉంటే విచారణ అయ్యాక పంపించండి, సంతకం చేస్తాను. ఈ ముక్క మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను, ఇది నాలుగోది. గుణదలలో పదకొండు సార్లు పిలిచినా నేను వెళ్లలేదు. తమరు ఒక్కసారి పిలవండి. ఈసారి తలుపు పక్కన నిలబడను. లోపలికి వచ్చి, డబ్బా బల్లమీద పెట్టి, మూత పైకి కనపడేటట్టు పెట్టి, నాదేనని చెబుతాను.

గడువు ఇంకా నాలుగు రోజులు ఉన్నది. స్పీడు పోస్టు రెండు రోజుల్లో అందుతుందని అన్నారు. పెద్ద మాటలన్నీ అత్తగారి పింఛను అర్జీలోవి, మిగతావి నావి. రెండూ కలిపి చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
డయానా

మరొక మాట. అటక మీది బిళ్లలు దించి, తడి తగలకుండా బియ్యం డబ్బా వెనక దాచాను. పాత పోపుల డబ్బా ఖాళీ చేసి కడిగి ఎండబెట్టి ఉంచాను. ఆవాలు, మెంతులు కాగితం పొట్లాల్లో ఉన్నాయి. అత్తగారు "డబ్బాకేమైందే?" అని రోజూ అడుగుతున్నారు. సొట్ట తీయించాలి అని చెబుతున్నాను. కనుక పిలిచేదేదో కాస్త తొందరగా పిలవండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. ఈ ఉత్తరం ఫైలులో పెట్టకండి. ఫైలులో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆయన చూస్తారు. నా కోసం అందరిముందు నోరు మూసుకుని నిలబడిన మనిషికి, నేను వెనక నుంచి ఉత్తరం రాశానని తెలియకూడదు. ఆ రోజు నా అంతట నేనే లోపలికి వచ్చాననుకోవాలి. తమకు కావలసింది వేరే కాగితం మీద రాసుకోండి. రాసుకున్నాక దీన్ని కాల్చేయండి. కవరు మీద కూడా నా పేరుంది, దాన్నీ కాల్చేయండి.