"వస్తా" అనకు

చిన్నోడా,

మూడింటికల్లా బడి గేటు దగ్గర ఉండు. చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకునేది పాప సంచి పక్క జేబులో ఉంది, గంట కొట్టకముందే తగిలించు. కొత్త క్లాసుగది ఫోటో ఫ్రిజ్ మీద అంటించా. ఇంటికొచ్చి పాలు తాగాక ఒక్కసారి చూపించు. బలవంతం చెయ్యకు.

పాత టీచర్ బదిలీ అయి వెళ్ళిన దగ్గర్నుంచీ నీ మేనకోడలు క్లాసులోకి పోకుండా గేటు పట్టుకుని నిలబడుతోందట. కొత్తావిడేమో "మార్పు కదండీ, సర్దుకుంటుంది" అని నవ్వుతుంది. ఆ నవ్వే నాకు నచ్చలేదు. చెయ్యి పట్టుకుని లాగిందేమో. మణికట్టు చూడు, నాకు చూపించట్లేదు.

నీ మీదా అనుమానం లేకపోలేదు. ఏడుపు ఆపడానికి "పాత టీచర్ మళ్ళీ వస్తుందిలే" అని నువ్వు గానీ చెప్పావా? నిజం చెప్పు.

ఆగు. బూట్లు తొడుగుతూ ఇప్పుడే దాన్ని అడిగా. "టీచర్ వెళ్ళేటప్పుడు 'వస్తానమ్మా' అంది. ఇంకా రాలేదు" అంది. అదీ సంగతి.

అందుకని సాయంత్రం బయల్దేరేటప్పుడు నువ్వు దాంతో ఉత్తినే "వస్తా" అనకు. "వెళ్తున్నా, గురువారం వస్తా" అను. వెళ్తా అనకూడదని అమ్మ గొణుగుతుంది. గొణగనీ.

అక్క

టీచరమ్మ మీద అనుమానం సగమే తీరింది, మణికట్టు చూడ్డం మర్చిపోకు. ఇంకోటి. మొన్న నువ్వు "ఇప్పుడే వస్తా" అని వెళ్ళి మర్నాడొచ్చావు. ఆ రోజు అది బూట్లు విప్పనివ్వలేదు. వాటితోనే నిద్రపోయింది.