కారని కొలను

గౌరవనీయురాలైన అమ్మమ్మ సముఖానికి, మనవడు లాసన్, కాలేజీ హాస్టలు మూడో అంతస్తు నుంచి వంగి దండాలు పెట్టి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నువ్వు చేసి పంపిన తీపి వంటకం, ఆ పీకాన్ పప్పుల 'పై' మాత్రం చేరిన పావుగంటలో కాలం చేసింది. అక్కడ నీ మోకాలూ, పిల్లీ, చర్చిలో నీ శత్రువర్గమూ కులాసా అని తలుస్తాను.

"అమెరికాలో పుట్టి అమెరికా గురించి డిగ్రీ ఏమిట్రా? చేప ఫీజు కట్టి ఈత నేర్చుకున్నట్టుంది" అని కిందటి ఉత్తరంలో అడిగావు. మా ప్రొఫెసరమ్మకు చదివి వినిపిస్తే, "మీ అమ్మమ్మ చేత ఒక క్లాసు చెప్పించాలయ్యా" అంది. మేం చేసేది పాత వంట పుస్తకాలు, మున్సిపాలిటీ కాగితాలు తవ్వడం. ఉద్యోగం వస్తుందా అన్న రెండో ప్రశ్నకు జవాబు: రాదు.

ఇక మూడోది. చనిపోయిన తాతయ్య పేరు మన ఊరి పార్కుకు పెడుతున్నారు, రాతిపలక మీదికి నాలుగు ముక్కలు రాసివ్వమన్నావు. ఆ పని మీదే శుక్రవారం నీకు చెప్పకుండా మన ఊరు వచ్చి వెళ్ళాను. తిట్టు, కానీ చివరిదాకా చదివాక తిట్టు.

టౌన్ హాలు రికార్డుల గదిలో ఐజక్ గ్రీన్‌లీ గారున్నారు. తాతయ్య పేరు చెప్పగానే, "ఆ పార్కు కింద ఏముందో తెలుసా అబ్బాయ్?" అన్నారు.

"తెలుసు సార్, ఈత కొలను. నీళ్ళు కారిపోతుంటే తాతయ్య పూడ్పించి పచ్చిక వేయించాడు." పాలు తాగే వయసు నుంచి ఇంట్లో విన్న కథే కదా.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కారిందా? అప్పుడు నాకు పదేళ్ళు. నల్లపిల్లల్ని లోపలికి రానిస్తేగా! కంచె పట్టుకుని చూసేవాళ్ళం. మమ్మల్నీ రానివ్వాలని కోర్టు చెప్పిన వారానికే మట్టి లారీలొచ్చాయి. నీళ్ళయినా తోడలేదయ్యా, నిండు కొలనులోనే పోశారు. కారే కొలనైతే ఆ బురద పొంగి మా కాళ్ళ మీదికెందుకొస్తుంది?"

గ్రీన్‌లీ గారే ఏదో పొరబడ్డారనుకున్నాను. ఆయన 1962 నాటి టౌన్ కౌన్సిలు సమావేశాల మినిట్సు పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. "అందరూ కలిసి ఈదడం కంటే ఎవరూ ఈదకపోవడమే మేలని శ్రీ హార్లన్ బక్నర్ ప్రతిపాదించారు. పత్రికలకు లీకేజీ అని చెప్పవలెను."

ఆ హార్లన్ బక్నర్ మన తాతయ్యేనని నమ్మకం కుదిరేదాకా మూడుసార్లు చదివాను.

ఇంతవరకూ దాచింది ఇప్పుడు రాస్తాను. నన్ను కొయ్యబార్చింది తాతయ్య పేరు కాదు. పేజీ అడుగున, ఎడమ మూల, టైపు చేసినవారి పొడి అక్షరాలు. వి, బి. నాకు రాసే ఉత్తరాల కింద కూడా నువ్వు అలవాటుగా కొట్టే నీ పేరు అక్షరాలే. ఉద్యోగం మానేటప్పుడు టౌన్ హాలు నుంచి తెచ్చుకున్న ఆ టైపు మిషన్ మీద ఇప్పటికీ ఇంగ్లీషు బి కడుపు సిరాతో పూడుకుపోయే పడుతుంది. 'లీకేజీ' అన్న మాట కొట్టింది నీ వేళ్ళే అమ్మమ్మా. తరవాత ముప్పై ఏడేళ్ళు మాకు అదే చెప్పావు.

"ఎవరబ్బాయ్ ఈ వి.బి.?" అని గ్రీన్‌లీ గారు అడిగారు.

"తెలియదు సార్" అన్నాను.

చరిత్ర విద్యార్థిగా నేను చెప్పిన మొదటి అబద్ధం. ఎంత సునాయాసంగా వచ్చిందో! మన ఇంటి చదువు వృథా పోలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

వచ్చే శుక్రవారం మళ్ళీ వెళ్ళి ఆయనకు నిజం చెబుతాను. అది నీకు ముందే నా నోటి నుంచి తెలియాలని ఈ ఉత్తరం. కావాలంటే టౌన్ హాలు మెట్ల దగ్గరికి రా, కలిసి వెళదాం. రాకపోతే ఒక్కణ్ణే వెళతాను.

రాతిపలక మీదికి నా ముక్కలు ఇవి: "ఇక్కడ ఈత కొలను ఉండేది. అది కారలేదు."

నా చేతిరాత పార్కు కమిటీ వాళ్ళకు కొరుకుడు పడదు. శుభ్రమైన ప్రతి నువ్వే టైపు చేసి ఇవ్వు. అడుగున, ఎడమ మూల, ఆ రెండక్షరాలు మరచిపోకు.

ఇట్లు,
నువ్వంటే ఇప్పటికీ ప్రాణమైన మనవడు,
లాసన్