క్యాసెట్ రెండో వైపు

పెదబయలు, డిసెంబరు 6, 1998, ఆదివారం

"భలే ఉత్కంఠగా ఉంటుంది, భక్తీ ఉంటుంది, తప్పకుండా విను" అని నాకిష్టమైన కథ క్యాసెట్‌ను పక్కింటి దేవమ్మకు ఇచ్చింది నేనే. తేనె కోసం వెళ్లినవాడు కొండల్లో దారి తప్పుతాడు. అక్కడికి మొదటి వైపు అయిపోయింది, వాళ్ల టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలూ అయిపోయాయి.

ఈరోజు చర్చిలో ప్రార్థన మనవులు అడగగానే దేవమ్మ లేచింది.

"కొండల్లో తప్పిపోయినోడు ఇల్లు సేరాలని పార్దన సెయ్యండి అయ్యగారూ."

ఎవరని కూడా అడగకుండా అందరూ మోకరించారు. అది కల్పిత కథ అని చెప్పలేక నేనూ మోకరించాను.

బయటికొచ్చాక అంది: "సంతలో బేటరీలు కొంతాను టీచరమ్మా. ఈపాటికి ఆడొచ్చీసుంతాడు."

రెండో వైపులో అతను తిరిగి రాడు. దేవుణ్ని పిలుస్తూనే చనిపోతాడు. నాకా కథ నచ్చిందే అందుకు.

సంతలో బ్యాటరీలు దొరక్కూడదని ప్రార్థిస్తే తప్పా...